రక్తంలో ఆమ్లం పేరుకోకుండా చూసుకోవడం ఎలా?

కౌంటరు మీద చెయ్యి ఆనించి "అన్నా, ఒంట్లో యాసిడ్ ఎక్కువైంది, ఏమన్నా మాత్ర ఇయ్యి" అని ఎవరో ఒకరు అడగని రోజు మా అనంతపురం మందుల షాపులో ఉండదు. అడిగేవాళ్లలో ఎక్కువమందికి ఉన్నది కడుపులో మంట. ఇంకొందరిది యూరిక్ యాసిడ్, అంటే కాలి బొటనవేలు వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి. ఆ రెండింటికీ మాత్రలు ఉన్నాయి, టైమూ ఉంది. ఇక్కడ రాస్తున్నది వాటి గురించి కాదు. రక్తమే ఆమ్లం వైపు జరిగిపోతే మనిషి ఒక్క రోజులోనే స్పృహ తప్పే దాకా పోవచ్చు. డాక్టర్లు దీన్ని అసిడోసిస్ అంటారు. ఇది వచ్చినవాళ్లు మాత్రం యాసిడ్ మాటే ఎత్తరు. "పొద్దున్నుంచి వాంతులు, ఏదన్నా ఇయ్యి" అంటూ వస్తారు.

ముందు ఒక అనుమానం తీర్చేసుకుందాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం పీహెచ్, అంటే ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, 7.35, 7.45 మధ్యనే నిలబడి ఉంటుంది. ఆ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను ఊదేస్తూ, కిడ్నీలు మిగిలిన ఆమ్లాన్ని మూత్రంలో పంపేస్తూ ఆ లెక్క తప్పకుండా కాపాడతాయి. పచ్చిపులుసు పోసుకొని తిన్నంత మాత్రాన రక్తం పులవదు. పొద్దున్నే నిమ్మరసం తాగితే శుద్ధీ కాదు. ఆల్కలైన్ వాటర్ అని ఖరీదు పెట్టి కొనే సీసా కడుపులోకి వెళ్లగానే అక్కడి ఆమ్లంతో కలిసి దాని గుణం అక్కడే పోతుంది. ఆ డబ్బుతో గ్లూకోమీటరు స్ట్రిప్పులు కొనుక్కోండి.

అసలు జాగ్రత్త పడాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, అందులోనూ టైప్ 1 షుగరు ఉన్న పిల్లలు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు. కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవాళ్లు. విరేచనాలు పట్టుకున్న చంటిపిల్లలు, ముసలివాళ్లు. తిండి మానేసి తాగేవాళ్లు.

ముందుగా మాత్రల డబ్బా బోర్లించండి

స్ట్రిప్పు వెనక రేకు మీద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది. ముందువైపు పెద్దగా ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్ని వదిలేయండి. చివర "గ్లిఫ్లోజిన్" అని వచ్చే షుగరు మందు పేరు ఉందా చూడండి: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్. కొన్నిసార్లు మెట్‌ఫార్మిన్‌తోనో, సిటాగ్లిప్టిన్‌తోనో కలిపి ఒకే మాత్రగా వస్తాయి కాబట్టి రెండో పేరు కూడా చదవండి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో తీరాయి. ధర పడిపోయింది, ఇప్పుడు పల్లెల్లో కూడా ఇవి చాలా ఇళ్లలో ఉన్నాయి. మంచి మందులే. గుండెకు, కిడ్నీకి మేలు చేస్తాయని గుండె డాక్టర్లు కూడా రాస్తున్నారు. వీటితో చిక్కు ఒకటే. అరుదుగానైనా, షుగరు 150, 180 చూపిస్తున్నప్పుడే రక్తంలో ఆమ్లం పేరుకుపోగలదు. మీటరు చూసి "షుగరు బాగానే ఉంది కదా" అని ఇంట్లోవాళ్లు నిబ్బరంగా కూర్చుంటారు. డాక్టరు కూడా ఈ మాత్ర సంగతి తెలియకపోతే వేరేవైపు వెతుకుతాడు.

ఈ పేరు కనబడితే డబ్బా మూత మీద పెన్నుతో పెద్దగా రాసి పెట్టండి: "వాంతులైతే, అన్నం తినకపోతే ఇది ఆపి డాక్టరుకు ఫోన్ చెయ్యాలి."

తినలేదని ఇన్సులిన్ మానకండి

నన్నడిగితే ఈ వ్యాసంలో ఇదొక్కటి గుర్తున్నా చాలు. జ్వరం వచ్చింది, నోటికి ఏమీ పోవడం లేదు. ఇంట్లో పెద్దావిడ అంటుంది, "మెతుకు ముట్టలేదు, సూదేస్తే షుగరు పడిపోతాది, ఈ పొద్దుకు వద్దులే నాయనా." ప్రేమతో అనే మాటే. ప్రాణం మీదికి తెచ్చే మాట కూడా అదే.

జ్వరంలో, ఇన్ఫెక్షన్లో ఒంట్లో పుట్టే హార్మోన్లు తిండి లేకపోయినా షుగరును పైకి తోస్తాయి. ఇన్సులిన్ లేకపోతే ఆ షుగరు కణాల్లోకి పోదు. ఒళ్లు గత్యంతరం లేక కొవ్వును కాల్చుకోవడం మొదలుపెడుతుంది. పచ్చి కట్టె పొయ్యిలో పెడితే మంట కన్నా పొగ ఎక్కువ వచ్చినట్టు, అలా కాలిన కొవ్వు నుంచి కీటోన్లు వస్తాయి. ఆ కీటోన్లే ఆమ్లాలు. షుగరు మూత్రంలో పోతూ పోతూ నీళ్లను కూడా లాక్కుపోతుంది. ఒళ్లు ఎండిపోతుంది, కిడ్నీలకు ఆమ్లాన్ని బయటికి పంపే సత్తువ తగ్గుతుంది. వాంతులు మొదలవుతాయి, దాంతో ఇంకా ఎండిపోతుంది.

ఒంట్లో బాగాలేని రోజు చెయ్యాల్సింది ఇది. గ్లార్జిన్, డెగ్లుడెక్ లాంటి, రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను అస్సలు ఆపకండి. అన్నానికి ముందు వేసుకునే రకం మాత్రం తినేదాన్ని బట్టి, షుగరును బట్టి మారుతుంది. మన దగ్గర చాలామంది వాడేది ఆ రెండు రకాలూ కలిసిన 30/70 మిక్స్. అన్నం తినని రోజు దాని డోసు తగ్గించాల్సి రావచ్చు, సున్నా చేయకూడదు. ఎంతకు తగ్గించాలో ఒంట్లో బాగున్నప్పుడే డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించుకోండి. జ్వరం వచ్చాక రాత్రి పదకొండుకు ఎవరు ఫోనెత్తుతారు?

షుగరు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా చూడండి. పిల్లలకైతే రెండు మూడు గంటలకోసారి. అంకె, టైము, వేసిన యూనిట్లు క్యాలెండరు వెనకైనా సరే రాసుకోండి. షుగరు 250 పైన ఉంటే చక్కెర లేనివి తాగించండి: ఉప్పేసిన పలచని మజ్జిగ, చారు, నీళ్లు. 180 కంటే దిగువన ఉండి అన్నం పోకపోతే గంజి, ఓఆర్ఎస్, కొబ్బరినీళ్లు లాంటివి గుటక గుటకగా ఇస్తూ ఉండాలి. అప్పుడే ఇన్సులిన్‌ను ధైర్యంగా వేయగలుగుతారు. (కిడ్నీ జబ్బున్నవాళ్లకు కొబ్బరినీళ్లు వద్దు, కారణం కింద రాశాను.) గ్లాసుడు ఒకేసారి తాగిస్తే వాంతి చేసుకుంటారు. చెంచాతో అయిదు నిమిషాలకోసారి పొయ్యండి.

ఆకు పసరు తాగితే ఇన్సులిన్ అక్కర్లేదని టైప్ 1 పిల్లలకు సూదులు మాన్పించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే లేదు. మానేస్తే కీటోన్లు ఎగబాకడానికి ఒకటి రెండు రోజులు చాలు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. అలా చెప్పినవాడు ఎంత దగ్గరి చుట్టమైనా వినకండి.

సిరంజి టోపీ రంగు చూడండి

మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు 40 రకం, అంటే ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర టోపీ సిరంజి. 100 రకానికి నారింజ రంగు టోపీ. 40 రకం సీసాలోంచి నారింజ టోపీ సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. వేసుకున్నానన్న తృప్తి ఉంటుంది, మందు ఉండదు. అదే తిరగబడితే, అంటే 100 రకాన్ని ఎర్ర టోపీతో లాగితే, రెండున్నర రెట్లు పోయి షుగరు పడిపోతుంది. సిరంజి కొనేటప్పుడు సీసాను షాపుకు తీసుకుపోయి చూపించి కొనండి.

ఎండకు ఇన్సులిన్ పాడవకుండా

ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురం, కర్నూలు, కడప వైపు ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. తెరిచిన సీసా 30 డిగ్రీల లోపు ఉంటేనే దాదాపు నాలుగు వారాలు పనిచేస్తుంది. తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌కు ఆనించి పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. స్కూటర్ డిక్కీలో, బస్సు కిటికీ పక్కన, ఎండలో ఆపిన కారులో ఎప్పుడూ పెట్టకండి. తెరిచిన తేదీ సీసా మీదే రాయండి.

ఫ్రిజ్ లేని ఇంట్లో కొత్త మట్టికుండ మంచి సాధనం. పెద్ద కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, ఇసుకను పొద్దున సాయంత్రం తడపండి. సీసాను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ముంతలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పి, నీడలో గాలి ఆడే చోట పెట్టండి. కోస్తా ఉక్కపోతలో ఇది అంతగా పనిచేయదు. మన పొడిగాలికి బాగా పనిచేస్తుంది. తెల్లగా మబ్బులా ఉండే రకాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాక కూడా అడుగున గడ్డలుంటే, గాజుకు పొరలా అంటుకొని ఉంటే, ఆ సీసా వద్దు. నీళ్లలా ఉండాల్సిన రకం మబ్బుగా మారినా వద్దు. కారణం లేకుండా షుగరు 300 దాటుతుంటే డోసు పెంచే ముందు ఒకసారి కొత్త సీసా తెరిచి చూడండి.

కీటోన్ స్ట్రిప్పులు ఇంట్లో పెట్టుకోండి

మూత్రంతో చూసేవి చవక. శుభ్రమైన గ్లాసులో మూత్రం పట్టి, స్ట్రిప్పు ముంచి తీసి, డబ్బా మీద రాసిన సెకన్లు లెక్కపెట్టి, అక్కడున్న రంగులతో పోల్చండి. రంగు మారకపోతే కీటోన్లు లేవు. ఊదా రంగు ముదిరేకొద్దీ ఎక్కువున్నట్టు. డబ్బా తెరిచాక గాలి తగిలి స్ట్రిప్పులు పాడవుతాయి, మూత గట్టిగా పెట్టండి. రక్తంతో చూసే మీటరు ఉంటే ఇంకా నమ్మకం. అందులో 0.6 లోపు మామూలు. 1.5 దాటితే డాక్టరుతో వెంటనే మాట్లాడాలి. 3 దాటితే ఫోన్లు కాదు, బండి ఎక్కాలి. మూత్రం స్ట్రిప్పు మీద రెండు ప్లస్సులు వచ్చినా అంతే.

ఎప్పుడు చూడాలి? షుగరు 250 దాటి దిగకపోతే, వాంతులు, కడుపునొప్పి ఉంటే. గ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం షుగరు ఎంతున్నా ఒంట్లో బాగాలేకపోతే చూసుకోవాలి. వాళ్లకు మూత్రం కన్నా రక్తం పరీక్షే నమ్మదగింది.

విరేచనాలప్పుడు

విరేచనాల్లో నీళ్లతో పాటు బైకార్బొనేట్ కూడా పోతుంది. రక్తంలో ఆమ్లానికి విరుగుడు అదే. అందుకే బాగా ఎండిపోయిన పిల్లలు జలుబు, దగ్గు ఏమీ లేకుండానే వేగంగా ఊపిరి తీస్తుంటారు. ఆయాసమని నెబులైజరు పెట్టించే ముందు పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోశాడో లెక్క చూడండి.

ఓఆర్ఎస్ పొట్లంలో 20.5 గ్రాముల పొడి ఉంటుంది, లీటరు నీళ్లకు సరిపోతుంది. సగం పొడి ఈ పూట, సగం రేపు అంటూ కలపకండి. లీటరు సీసాలో మొత్తం ఒకేసారి కలిపి 24 గంటల్లో వాడేసి, మిగిలింది పారబోయండి. అందులో ఉప్పు, గ్లూకోజు, పొటాషియంతో పాటు సిట్రేట్ ఉంటుంది, ఒంట్లో ఆమ్లాన్ని తగ్గించేది అదే. పొట్లం దొరకని రాత్రి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాలు, గోపురం కట్టకుండా సమంగా. ఇందులో సిట్రేట్ ఉండదు కాబట్టి తెల్లారగానే పొట్లం తెచ్చుకోండి.

టెట్రా ప్యాకుల్లో పండ్ల రసంలా ఉండే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. పేరులో ఆ మూడక్షరాలు తగిలించి ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్మారు, మా అరల్లోనూ ఉండేవి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ పట్టుబట్టి పోరాడగా, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పొట్లం మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి. అయిదేళ్ల లోపు పిల్లలకు జింక్ కూడా 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు ఆగాయని మధ్యలో మానకండి.

ఇక షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే కొన్ని మాత్రలు తాత్కాలికంగా ఆపాల్సి వస్తుంది: గ్లిఫ్లోజిన్లు, మెట్‌ఫార్మిన్, ఉచ్చ ఎక్కువ పోయించే మాత్రలు, "ప్రిల్", "సార్టాన్" అని ముగిసే బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు. ఒళ్లు ఎండిపోయినప్పుడు ఇవి కిడ్నీని ఇంకా ఇబ్బంది పెడతాయి. ఏది ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలెట్టాలో కూడా ఇన్సులిన్ డోసు రాయించుకున్న కాగితంలోనే రాయించుకోండి.

ఉపవాసాలు, నడకలు

శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచిపోయేవాళ్లలో షుగరు ఉన్నవాళ్లు ఎంతోమంది. అడవి నడక, ఎండ, ఉపవాసం, పైన గ్లిఫ్లోజిన్ మాత్ర: ఈ నాలుగూ కలిస్తే కీటోన్లు పెరగడానికి ఇంకేం కావాలి? ఆపరేషన్‌కు ముందు ఈ మాత్రను మూడు రోజులు ఆపిస్తారు. అలాంటి నడకకు ముందు కూడా ఆపాలా అని డాక్టరును అడిగే బయల్దేరండి. పండ్లు, పాలు తీసుకునే ఉపవాసం మేలు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం వీళ్లకు పనికిరాదు.

రంజాన్‌కు రోజా ఉండాలనుకునేవాళ్లు నెలన్నర ముందే డాక్టరును కలవాలి, డోసులు సహరీకి, ఇఫ్తారుకు తగ్గట్టు మార్చాలి. వేలు గుచ్చి షుగరు చూసుకుంటే రోజా చెడదు. షుగరు 300 దాటినా, 70 కంటే దిగినా రోజా విడవాలి. టైప్ 1 వాళ్లు ఉండకపోవడమే మంచిది.

కిడ్నీ జబ్బున్న ఇంట్లో

ఇక్కడ ఆమ్లం గంటల్లో కాదు, నెలల తరబడి మెల్లగా చేరుతుంది. నీరసం, ఆకలి లేకపోవడం, కండ కరగడం తప్ప వేరే గుర్తులుండవు. కిడ్నీ కోసం చేసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించేటప్పుడు బైకార్బొనేట్, పొటాషియం కూడా చూడమనండి. బైకార్బొనేట్ 22 కంటే తగ్గితే డాక్టరుతో మాట్లాడాలి, 18 కంటే దిగితే వాయిదా వేయకండి. సోడియం బైకార్బొనేట్ మాత్రలు ఇస్తారు. వంటసోడానో, ఈనోనో నీళ్లలో కలుపుకొని సొంత వైద్యం చేసుకోకండి. వాటిలో సోడియం ఎంత పోతుందో లెక్క ఉండదు, కాళ్లవాపు, బీపీ పెరుగుతాయి.

మాంసం ఎక్కువ తింటే ఆమ్లం ఎక్కువ, కూరగాయలు తింటే తక్కువ. ఆదివారం పొట్టేలు మాంసం పూర్తిగా మానమని ఎవరూ అనరు, నాలుగు ముక్కలతో ఆపితే చాలు. కూరగాయలతో ఇంకో తకరారు ఉంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు వాటిలోని పొటాషియం గుండె మీదికి వస్తుంది. ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండండి. కొబ్బరినీళ్లు, అరటిపండు డాక్టరు చెప్తే తప్ప వద్దు.

ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత పనిచేస్తుందో చెప్పే అంకె, 30 కంటే దిగితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. 45 కంటే దిగితే డోసు తగ్గించాలి. లేకపోతే లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. పాత చీటీ చూపించి ఏళ్లకేళ్లు అదే మాత్ర తీసుకుపోయేవాళ్లు చాలామంది, ఆరు నెలలకోసారైనా కిడ్నీ పరీక్ష చేయించండి. శనక్కాయలు పీకే రోజుల్లో మా దగ్గర డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ నొప్పి మాత్రలు ఎన్ని పోతాయో చెప్పలేను. కిడ్నీ జబ్బున్నవాళ్లు వాటి జోలికి పోకుండా పారాసిటమాల్‌తో, కాపడంతో సరిపెట్టుకోవాలి.

తాగుడు గురించి రెండే మాటలు. తినకుండా వరసగా తాగి వాంతులు చేసుకునేవాళ్లకు షుగరు జబ్బు లేకపోయినా కీటోన్లు పెరుగుతాయి. కల్తీ సారాలో మిథనాల్ ఉంటే అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి చూపు తీసేస్తుంది. తాగిన మర్నాడు కళ్లు మసకబారాయంటే నిద్రపుచ్చకండి, ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇక ఇంట్లో ఆగకూడని ఘడియ

ఊపిరి లోతుగా, వేగంగా, పరుగెత్తి వచ్చినవాడిలా ఆడుతుంటే. నోట్లోంచి మాగిన పండు వాసన వస్తుంటే. మగతగా ఉండి పిలిస్తే ఆలస్యంగా పలుకుతుంటే. గుటక నీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతుంటే. షుగరు ఉన్న గర్భిణికి వాంతులు, కీటోన్లు కనబడితే అప్పటికప్పుడే.

షుగరు ఉందని ఇంకా తెలియని పిల్లల్లో కూడా ఇది మొదటిసారి ఇలాగే బయటపడుతుంది. నెల రోజులుగా నీళ్లు ఎక్కువ తాగుతున్నాడు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది, ఉచ్చ పోసిన చోట చీమలు పడుతున్నాయి, చొక్కా వదులైంది. ఆ తర్వాత కడుపునొప్పి, వాంతులు, ఎగశ్వాస. గాలి సోకిందని తాయెత్తు కట్టించే ముందు వేలు గుచ్చి షుగరు చూడండి, ఒక్క నిమిషం పని.

ఊళ్లో ముందొక బాటిల్ ఎక్కించుకొని చూద్దామని సాయంత్రం దాకా ఆగకండి. సెలైన్ అవసరమే, కానీ దాంతోపాటు గంట గంటకూ కొలిచి ఇచ్చే ఇన్సులిన్, పొటాషియం పరీక్షలు కావాలి. అవి మంచం మీద వేలాడదీసే బాటిల్‌తో కావు. రాయదుర్గం వైపు నుంచి అనంతపురం రావాలంటేనే రెండు గంటలు. 108కు ఫోన్ చేసి అనంతపురం, కర్నూలు సర్వజన ఆసుపత్రులకో, కడప రిమ్స్‌కో, దగ్గర్లో ఐసీయూ ఉన్న ఆసుపత్రికో బయల్దేరండి. సంచిలో మాత్రల డబ్బా, ఇన్సులిన్ సీసా, షుగరు రాసిన కాగితం వేసుకోండి. క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే చెప్పాల్సిన మాట: "షుగరు పేషెంటు, ఇన్సులిన్ ఇన్ని గంటలకు వేశాం, ఫలానా గ్లిఫ్లోజిన్ మాత్ర వాడుతున్నాడు, కీటోన్లు చూడండి సారూ."

నయమై ఇంటికి వచ్చే రోజు డిశ్చార్జి కాగితం చేతికిచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడిగి జవాబులు దాని మీదే రాయించుకోండి. ఇది ఏ కారణంతో వచ్చింది? ఆపిన మాత్రల్లో ఏది మళ్లీ మొదలెట్టాలి, ఏది ఇక వాడకూడదు?